అనుమానం వచ్చిన గిన్నె ఎవరి వంతు?

"పారేయడమెందుకు, నేను తినేస్తాలే." ఈ మాట వినకుండా పెరిగినవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారు?

రెండేళ్ళ క్రితం, మే నెలలో, మా తమ్ముడి ఇంట్లో అమ్మకు రాత్రంతా వాంతులు. తెల్లారేసరికి కళ్ళు లోతుకు పోయాయి. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తూ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "నిన్న ఏం తిన్నారు?" "అందరం తిన్నదే" అన్నాడు తమ్ముడు. నేనూ తలూపాను. కాసేపటికి మరదలు, "మధ్యాహ్నం మిగిలిన అన్నం వేడి చేసుకున్నారేమో అత్తయ్య" అంది. ఏడెనిమిది గంటలు ఆ ఎండలో పొయ్యిగట్టు మీద ఉన్న అన్నం అది. మాకు వేడివేడిగా మళ్ళీ వండిపెట్టి, మేం తిని లేచాక తను అది తిన్నది. ఆమె కంచంలో ఏముందో ఒక్కరం చూడలేదు. వంటింటి రాజకీయాల మీద సెమినార్లలో పేపర్లు చదివిన నేను కూడా చూడలేదు.

ఓపిక వచ్చాక అమ్మ తప్పు చేసినదానిలా అన్న మాట, "వాసన బాగానే ఉందే!"

బాగానే ఉండి ఉంటుంది. బియ్యంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. వండిన అన్నం వెచ్చటి గదిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషాన్ని వదులుతాయి. మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. అన్నం జిగురెక్కనక్కర్లేదు, కంపు కొట్టనక్కర్లేదు. అమ్మమ్మల చద్దన్నం సంగతి వేరు. నీళ్ళు పోసి పులియబెడితే ఆ పులుపులో చాలా క్రిములు పెరగలేవు. గిన్నెలో ఊరికే మిగిలిపోయిన అన్నానికీ, పనిగట్టుకుని పులియబెట్టిన అన్నానికీ తేడా ఆడవాళ్ళకు తెలుసు. అయినా మిగిలినదాన్ని తినేది వాళ్ళే.

నా గొడవ మొదట మనతోనే. విమల "వంటిల్లు" చదివి పెరిగిన తరం మనది. అయినా అమ్మ గురించి వ్యాసం రాయాల్సి వస్తే ఎంత తేలిగ్గా కరిగిపోతాం! వాసెన విప్పి ఒక్కసారి వాసన చూసి జాడీ గుట్టు చెప్పేసే అమ్మ ముక్కు, పప్పు ముక్కిందో లేదో వేళ్ళతో పసిగట్టే నానమ్మ. ఈ జ్ఞానం అబద్ధమని నేననను. అనంతపురం పల్లెల్లో వేరుశనగ గింజలు ఏరే ఆడకూలీలు రంగు మారినవి, ముడుచుకుపోయినవి పక్కన పడేస్తుంటారు. ఆ గింజల్లోనే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఎక్కువగా ఉంటుందని సైన్సు కూడా చెప్తోంది. కానీ ముక్కుకీ కంటికీ అందని విషం ఉందని కూడా ఒప్పుకోవాలి కదా! బూజు పట్టిన బ్రెడ్డు మీద మచ్చ గిల్లి పారేసినంత మాత్రాన లోపలికి పాకిన పోగులు పోవు. అఫ్లటాక్సిన్ మామూలు వంట వేడికి చావదు, ఏళ్ళ తరబడి తింటే కాలేయపు కాన్సర్ తెస్తుంది. "అమ్మకు అన్నీ తెలుసు" అని మనం మురిసిపోతున్నామంటే, పరీక్షించే పనీ ఆమెకే, పరీక్షలో తప్పితే శిక్షా ఆమెకే అని రాసిస్తున్నట్టే.

ఎందుకంటే ఇంట్లో తీర్పు ఎప్పుడూ "బాగుంది", "పాడైంది" అని రెండే కాదు. మూడోది ఒకటుంది, "అనుమానం". బాగున్నది మగవాళ్ళకూ పిల్లలకూ. పాడైనది కుండీలోకి. అనుమానం వచ్చిన గిన్నె అమ్మది. నూనె తేలక పైముక్కలకు బూజు పట్టిన ఆవకాయ, చేదెక్కిన పల్లీలు, పచ్చబడిన ఆలుగడ్డ, తీగ సాగబోతున్న పప్పు. అమ్మ కూడా వద్దనుకున్నది ఇంకో గిన్నెలోకి మారి పనమ్మాయి చేతికి పోతుంది. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. మా ఇంట్లో ఆ గిన్నె వేరేగా ఉండేది, ఎందుకు వేరో మీకు చెప్పనక్కర్లేదు. ఆమె కంటే కిందిమెట్టు మీద కుక్క.

1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన పల్లెల్లో అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్నకు బూజు పట్టింది. అది తిని కామెర్లతో వందమందికి పైగా చనిపోయారు. మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే వెళ్ళి పరిశోధించారు. ఆ ఇళ్ళల్లో మిగిలింది తిన్న కుక్కలకూ అదే జబ్బు. వాళ్ళకు గింజల్ని చూసి చెప్పడం చేతకాక కాదు, పారేస్తే తినడానికి ఇంకో గింజ లేక. అంతకు ముందు 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, అవేం తిన్నాయని మేత బస్తాల దాకా వెళ్ళి వెదికారు. వేరుశనగ పిండిలోని ఆ విషం అలాగే బయటపడింది. కోళ్ళు ఏం తిన్నాయని అడిగినవాళ్ళున్నారు. మా అమ్మ ఏం తిన్నదో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో లేరు.

వృథా చేయకూడదని నాకు పాఠం చెప్పొద్దు. ఆకలి తెలిసిన ఇంటి నుంచే వచ్చాను. కానీ వృథాను ఆపే భారమంతా ఒక్క కడుపు మీదే ఎందుకు? లెక్క తప్పి ఎక్కువ బియ్యం పోయించినవాళ్ళు, బయట తినొచ్చి ఆకలి లేదన్నవాళ్ళు, "నిన్నటి కూరా?" అని మొహం చిట్లించినవాళ్ళు, వీళ్ళలో ఒక్కరైనా ఆ అనుమానపు గిన్నె ముందు కూర్చున్నారా? మిగిలిన అన్నాన్ని గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టడం తమ్ముడికి చేతకాదా? సీసాల మీద తేదీలు చదివే చదువు అతనికి లేదా?

పోయిన వారం అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఫ్రిజ్ వెనక మూలలో ఉన్న కొబ్బరి పచ్చడి ఆమెను అడక్కుండా పారేశాను. పైన గులాబీరంగు మచ్చలున్నాయి. సాయంత్రం బస్సెక్కాక ఫోన్ చేసింది.

"ఆ పచ్చడి ఏం చేశావే?"

"పారేశానమ్మా."

కాసేపు మాట్లాడలేదు.

"పైపైన తీసేస్తే సరిపోయేది కదా" అంది.