పొగిడే స్పీకరు - నిజం చెప్పే స్పీకరు

కిరందుల్, బచేలీలలోని తెలుగువారి ఇళ్ళలో పాటకు కొదువ లేదు. ఒక మైకు, ఒక కంప్యూటరు ఉంటే నేడు పడకగదే రికార్డింగు గది అవుతున్నది. మిక్సింగుకు ఎటువంటి స్పీకర్లు కొనవలెనని పలువురు సహోద్యోగులు మమ్ములను అడుగుచున్నారు. సమాధానానికి ముందు మా పొరపాటును మనవి చేసుకొంటాము.

మా తల్లిగారు పాడిన మంగళహారతులను ఆమె జీవించి ఉండగా రికార్డు చేసుకొన్నాము. ఆమె సంవత్సరీకానికి బంధువులకు పంచదలచి, వీణ, తబలా జోడించి, హాల్లోని మ్యూజిక్ సిస్టముపై వింటూ మిక్సింగు చేశాము. మా ఇంట అమృతప్రాయంగా వినిపించినది. విశాఖలోని మా చెల్లెలు మాత్రం, "అన్నయ్యా, వీణ బాగుంది, అమ్మ ఏదీ?" అన్నది.

విచారిస్తే కారణం తెలిసినది. ఆ సిస్టము గాత్రాన్ని ఎక్కువ చేసి వినిపించేది. అది నమ్మి మేము గాత్రాన్ని తగ్గించాము. మరొకచోట అమ్మ గొంతు వీణ వెనుక మునిగిపోయినది. ఖనిజాన్ని తూచే యంత్రం ఎక్కువ చూపితే ఇక్కడ సంతోషమే. రేకు విశాఖ చేరిన తరువాత లెక్క బయటపడుతుంది. మానిటర్ స్పీకరు సరిచూచిన తూకపు యంత్రం వంటిది. పాటకు అందం కూర్చడం దాని పని కాదు.

యమహా ఎన్.ఎస్.-10 స్పీకరు 1978లో గృహోపయోగానికే వచ్చినది. అయితే లోపాలను దాచదన్న కారణాన స్టూడియోలలో ప్రసిద్ధి పొందినది. 2001లో దాని ఉత్పత్తి నిలిచిపోయినది.

క్వార్టర్లలోని చిన్న గదికి 5 అంగుళాల వూఫరు, లోపలే ఆంప్లిఫయరు ఉన్న జత చాలును. పెద్ద వూఫరు తెచ్చినా గది సహకరించదు. గోడల మధ్య 3 మీటర్లున్నచోట సుమారు 57 హెర్ట్జ్ వద్ద అనునాదం ఏర్పడి, మంద్రస్వరం ఒకచోట ఉబ్బి మరొకచోట మాయమవుతుంది. స్పీకర్లను మూలలకు చేర్చరాదు. రెండు స్పీకర్లు, మన తల సమబాహు త్రిభుజంగా, ట్వీటరు చెవి ఎత్తున ఉండవలెను. జగ్దల్‌పూర్‌కో విశాఖకో వెళ్ళినపుడు, చిరకాలంగా ఎరిగిన పాటనొకదానిని దుకాణంలో వినిపించమని కోరండి. అందులో ఇంతవరకు గమనించని లోపం వినవచ్చిన జతను పరిశీలించండి.

చెవిని కూడా సరిచూచుకోవలెను. యంత్రాల రొదలో ఏళ్ళు గడిపినవారికి సాధారణంగా 4000 హెర్ట్జ్ పరిసరాలలో వినికిడి ముందు తగ్గుతుంది. వయసులో చెవి రక్షకాలను నిర్లక్ష్యం చేసిన మాకు ఆ లోపమున్నది. రెండవసారి మిక్సింగులో 'స'కారాలు చెవిలో గుచ్చుకొంటున్నాయని మా అమ్మాయి చెప్పేవరకు మాకు తెలియలేదు. తుది తీర్పు ఇప్పుడు ఆమెదే.

అదృష్టవశాత్తు మూల రికార్డును మేము చెరపలేదు. మూడవసారి తబలాను పూర్తిగా తీసివేసి, వీణను తగ్గించాము. చెల్లెలు ఈసారి విమర్శించలేదు, మరొకసారి పంపమన్నది. పెద్దల గొంతులు మీ ఇళ్ళలో ఉన్నట్లయితే, స్పీకర్లు తరువాత కొనవచ్చును. ముందు మూల ప్రతిని వేరొకచోట భద్రపరచండి.