నార్మల్ అని వచ్చిన కాగితం

ఆ మధ్య ఒక సాయంత్రం సంగంలోని మా ఇంటికి ఒక రైతు కుటుంబపు స్త్రీ వచ్చారు. ముట్లుడిగి ఆరేళ్లయింది. మూడు నెలలుగా అడపాదడపా రక్తం కనబడుతోంది. కనబడిన కొత్తలోనే ఏదో ప్యాకేజీలో రక్తపరీక్ష చేయించుకున్నారు. ‘క్యాన్సర్ లేదని వచ్చింది డాక్టర్‌గారూ’ అంటూ కాగితం నా ముందుంచారు. ఎస్‌సీసీ యాంటిజెన్ హద్దులోనే ఉన్నది. ఆ అంకెను నమ్మి ఆమె మూడు నెలలు ఊరుకున్నారు.

పాఠకులారా, ఈ వ్యాసం ఆ కాగితం గురించే.

గర్భాశయ ముఖద్వారాన్ని, నోటిని, గొంతును, అన్నవాహికను కప్పి ఉంచే పలుచని పొలుసుల వంటి కణాల నుండి పుట్టేవే పొలుసుకణ క్యాన్సర్లు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిట్లో వచ్చేదీ ఈ జాతిదే. 1977లో జపాను శాస్త్రవేత్తలు కాటో, టోరిగోయే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణజాలం నుండి ఒక ప్రొటీనును వేరుచేశారు. ఎస్‌సీసీ యాంటిజెన్ అనేది దాని నుండి వచ్చినదే. అయితే మామూలు పొలుసుకణాలలోనూ ఈ ప్రొటీను ఉంటుంది. సోరియాసిస్, ఎగ్జిమా, మూత్రపిండాల వైఫల్యం ఉన్నవారి రక్తంలో పెరుగుతుంది. నమూనాలో ఉమ్మి తుంపర పడినా అంకె పైకి పోతుంది. మరోవైపు, తొలిదశ క్యాన్సర్ ఉన్న చాలామందిలో ఏమాత్రం పెరగదు. చికిత్స పొందినవారిలో వ్యాధి తిరగబెట్టిందేమో కనిపెట్టడానికి ఇది పనికివస్తుంది. ఆరోగ్యవంతులకు అమ్మడానికి మాత్రం కాదు. అమ్ముతున్నారు, అదే నా ఫిర్యాదు.

నిజంగా ఉపకరించే ప్రొటీను గుర్తు మరొకటి ఉన్నది: పి16. హెచ్‌పీవీ వైరస్ తయారుచేసే ఇ7 ప్రొటీను, కణవిభజనను అదుపులో ఉంచే మన ఆర్‌బి ప్రొటీనును నిర్వీర్యం చేస్తుంది. ఆ కణంలో పి16 పోగుపడుతుంది. అనుమానపు భాగం నుండి తీసిన ముక్కకు ప్రత్యేకమైన రంగు పట్టించి చూసినప్పుడు అది దట్టంగా కనబడితే, సందేహంగా ఉన్న మార్పు వైరస్ తెచ్చిన ముప్పేనని పాథాలజిస్టు నిర్ధారించుకోగలరు. గమనించండి, దానికి ముక్క కావాలి. సూదితో తీసిన రక్తం చాలదు.

మరి ఏ బాధా లేని స్త్రీ ఏం చేయించుకోవాలి? మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో సుమారు లక్షా ముప్పై వేలమంది స్త్రీలపై జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్షకు పిలిచిన వర్గంలో, ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. అది అందుబాటులో లేనిచోట, 30 నుండి 65 ఏళ్ల స్త్రీలకు అయిదేళ్లకొకసారి ఎసిటిక్ ఆమ్లం పూసి చూసే పరీక్షను జాతీయ కార్యక్రమం నిర్దేశించింది. పూసిన నిమిషానికి అసహజమైన భాగం తెల్లబడుతుంది. సిగ్గుపడి వెనుదిరిగే తల్లులను ఎందరినో చూశాను. ఆ సిగ్గునే ప్యాకేజీలవారు సొమ్ము చేసుకుంటున్నారు.

రక్తం కనబడుతున్న స్త్రీకి ఈ ముందస్తు పరీక్షలు కూడా కావు కావలసింది. ముట్లుడిగాక ఒక్క చుక్క కనబడినా, కలయిక తర్వాత కనబడినా, నేరుగా స్త్రీవైద్యురాలు లోపల చూడాలి, అవసరమైతే ముక్క తీయాలి.

ఆమెకు అదే చెప్పి చీటీ రాసిచ్చాను. మరునాడు తెల్లవారుజామునే కోడలిని వెంటబెట్టుకుని నెల్లూరు బస్సెక్కారు. ముక్క తీసి పంపారట. ఫలితం ఇంకా రాలేదు.