శనైశ్చరుని పేర భయవ్యాపారం

నవగ్రహారాధనకు పరమప్రయోజనం శాంతి. నేడు అదే ఆరాధన భీతికి ఆలంబనమవుతున్నది. ‘ఏలినాటి శని’ అన్న మాట చెవిన పడగానే గృహస్థుని ముఖం వివర్ణమవుతున్నది. కుదిరిన వివాహసంబంధం తప్పిపోతున్నది. వ్యాపారి అప్పు తెచ్చి హోమం చేయిస్తున్నాడు. రోగి ఔషధాన్ని పక్కన పెట్టి నీలపుటుంగరం ధరిస్తున్నాడు. ఈ భయంలో శాస్త్రభాగమెంత, విక్రేతల వాక్చాతుర్యమెంత అన్నది ఆస్తికులు తప్పక విచారించవలసిన విషయం.

మొదట నామాన్నే పరిశీలించాలి. ‘శనైః’ అనగా మెల్లగా, ‘చరః’ అనగా సంచరించేవాడు. శనైశ్చరుడు అనగా మందగమనుడు, అంతే. ఆ నామంలో క్రౌర్యం లేదు. రాశిచక్రాన్ని ఒకమారు చుట్టిరావడానికి ఆయనకు సుమారు ఇరవై తొమ్మిదిన్నర సంవత్సరాలు పడుతుంది కనుక ఒక్కొక్క రాశిలో సుమారు రెండున్నర సంవత్సరాలు నిలుస్తాడు. జన్మరాశికి ద్వాదశంలోను, జన్మంలోను, ద్వితీయంలోను సంచరించే ఏడున్నర సంవత్సరాలే ఏలినాటి శని. చతుర్థంలో ఉంటే అర్ధాష్టమం, అష్టమంలో ఉంటే అష్టమ శని.

ఇక చిన్న గణితం. దృగ్గణిత పంచాంగాల ప్రకారం శని 2025 మార్చి 29న మీనరాశిలో ప్రవేశించాడు. అంతట కుంభ, మీన, మేష రాశులవారికి ఏలినాటి శని, ధనూరాశివారికి అర్ధాష్టమం, సింహరాశివారికి అష్టమం. పన్నెండు రాశులలో అయిదు! శని ఏ రాశిలో ఉన్నా ఈ లెక్క మారదు. అనగా భయాన్ని విక్రయించేవానికి లోకంలో ప్రతి పన్నెండుగురిలో అయిదుగురు నిత్యం సిద్ధంగా ఉంటారు. అదే మీనసంచారం మకర, తుల, వృషభ రాశులవారికి వరుసగా తృతీయ, షష్ఠ, ఏకాదశ స్థానాలలో పడి శుభమని అదే శాస్త్రం చెప్పింది. ఆ మాటను ప్రచారం చేసేవారు అరుదు. శుభాన్ని వినినవాడు దక్షిణ ఇవ్వడు కాబోలు!

గోచారం ఫలనిర్ణయంలో ఒక అంశం మాత్రమే. జన్మకుండలిలో శని ఏ భావాలకు అధిపతి, ఏ దశ నడుస్తున్నది, అష్టకవర్గులో ఆ రాశికి ఎన్ని బిందువులు వచ్చాయి అన్నవి చూడకుండా ఫలం పలకడం దైవజ్ఞలక్షణం కాదు. వృషభ, తులా లగ్నాలకు శని యోగకారకుడు. తులలో ఉచ్చ పొందుతాడు. స్వోచ్చలో గాని స్వక్షేత్రంలో గాని కేంద్రగతుడైతే పంచమహాపురుషయోగాలలో ఒకటైన శశయోగాన్ని ఇస్తాడు. వింశోత్తరిలో ఆయన దశ పందొమ్మిది సంవత్సరాలు. అన్నేళ్ళూ ఆపదలేనని ఏ హోరాగ్రంథమూ చెప్పలేదు.

పురాణకథలకూ ఇదే అపచారం జరిగింది. నలుడు రాజ్యం కోల్పోయినది శనివల్ల అని చెప్పడం పరిపాటి అయింది. భారతం అరణ్యపర్వంలో నలుని ఆవేశించినవాడు కలి. శని కాడు. మన కోనసీమలోని మందపల్లి క్షేత్రాన్నే చూడండి. లోకకంటకులైన అశ్వత్థ, పిప్పలులనే రాక్షసులను సంహరించిన శని అక్కడ శివలింగాన్ని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. మందుడు ప్రతిష్ఠించిన ఈశ్వరుడు కనుక మందేశ్వరుడు. శనిపీడ తొలగాలని తైలాభిషేకం చేయించేవారిలో ఎందరికి తాము అభిషేకించేది శివుణ్ణి అని తెలుసు? ఆ క్షేత్రంలో శని భక్తుడు, సాధురక్షకుడు. ఆయనను చూసి భయపడమని ఆ పురాణం చెప్పదు.

“కాలపురుషునికి శని దుఃఖస్వరూపుడని బృహజ్జాతకంలో వరాహమిహిరుడే అన్నాడు కదా, పాపగ్రహమని శాస్త్రమే చెప్పింది కదా” అని ఆక్షేపం రావచ్చు. సత్యమే. శనికాలం సుఖమయమని ఎవరూ అనరు. అయితే గ్రహం ప్రాక్తనకర్మకు సూచకం, కర్త కాదు. గడియారం కాలాన్ని చూపుతుంది, పుట్టించదు. పైగా దుఃఖం సాధకునికి కేవలం శత్రువు కాదు. గీతలో పదమూడవ అధ్యాయం జన్మ మృత్యు జరా వ్యాధులలోని దుఃఖదోషాలను మరల మరల పరిశీలించడాన్ని జ్ఞానలక్షణాలలో చేర్చింది. ఆయుష్కారకుడైన శనియే వైరాగ్యకారకుడు కూడా. శ్రమ, విలంబం, ఏకాంతం ఆయన పాఠాలు. వాటిని నేర్వకుండా తప్పించుకొనే ఉపాయం అమ్ముతామనడం గురుకులం ఎగవేసే మార్గం చెప్పడం వంటిది.

శాంతికర్మలు వ్యర్థమని దీని భావం కాదు. జపం, తిలదానం, అశ్వత్థప్రదక్షిణ శిష్టాచారాలు. అవి మనస్సును నిలుపుతాయి, అహంకారాన్ని వంచుతాయి. కాని చరకుడు దైవవ్యపాశ్రయంతోపాటు యుక్తివ్యపాశ్రయాన్నీ చికిత్సగా చెప్పాడు. మంత్రం ఔషధానికి తోడు, ప్రత్యామ్నాయం కాదు. వైద్యం మానమని చెప్పే జ్యోతిష్కుడు ఆయుర్వేదానికీ జ్యోతిషానికీ ద్రోహి. లగ్నం చూడకుండా అందరికీ ఇంద్రనీలం కట్టబెట్టేవాడు రత్నవర్తకుడే గాని దైవజ్ఞుడు కాడు.

శని భృత్యకారకుడు. సేవకులు, శ్రామికులు, వృద్ధులు, వికలాంగులు ఆయన అధీనంలోనివారు. ఇంటి పనిమనిషి జీతం నెలలకొద్దీ నిలిపి, శనివారం నాడు విగ్రహంపై శేరు నూనె పోసేవాని పూజను శనైశ్చరుడు ఎట్లు గ్రహిస్తాడు? కూలివాని కూలి ఆనాడే చెల్లించడం, వృద్ధులైన తల్లిదండ్రులను ఆదరించడం, ఋణం తీర్చడం, ఆడిన మాట నిలుపుకోవడం, ఇవి పైసా దక్షిణ అక్కరలేని శనిశాంతులు. పోసే నూనెలో సగమైనా పేదవాని వంటింటికి చేరితే దానానికి దానం, శాంతికి శాంతి.

ఈ విషయంలో అర్చకవర్గానిదీ బాధ్యతే. గర్భాలయం వాకిట నిలిచిన భయార్తునికి అభయం చెప్పడం అర్చకధర్మం. ఆ భయాన్ని పెంచి రుసుము పట్టిక చూపడం అధర్మం. కర్మసాక్షిగా నిలిచే గ్రహం పేరు చెప్పుకొని చేసే ఈ అధర్మం సైతం ఆయన లెక్కలో చేరుతుంది. ఆయన మెల్లగా నడుస్తాడు, అంతే. నడవడం మానడు.

స్వస్తి.