విమానం దిగేది ఒకచోట, ధర ఎక్కేది మరోచోట

విశాఖ నుంచి శ్రీకాకుళం పోయే హైవే మీద ఆనందపురం దాటితే చాలు, హోర్డింగుల నిండా విమానాలే. ఒక్కో బొమ్మ కింద ఒక్కో లెక్క: భోగాపురం ఎయిర్‌పోర్టుకు 5 నిమిషాలు, 10 నిమిషాలు, 15 నిమిషాలు. కిలోమీటర్లు ఎవరూ వేయరు. వేస్తే కొలిచి చూసుకునే చాదస్తులుంటారు. నిమిషాలకు ఆ బెడద లేదు. ఏ బండి మీద, ఏ వేళప్పుడు అని అడిగిన కొనుగోలుదారు ఇంతవరకు పుట్టలేదు. బ్రోచరులో మ్యాపు ఇంకా ముచ్చటైనది. అందులో వెంచరు ఒక్కటే పెద్దది. సముద్రం, హైవే, ఐటీ హిల్స్, రాబోయే మెట్రో, అన్నీ దాని గుమ్మం ముందుకొచ్చి నిలబడతాయి.

వెంచరులోకి వెళితే ఆర్చి, రెండు వైపులా రంగు జెండాలు, కొత్తగా పోసిన గ్రావెల్ రోడ్డు, ఎర్ర పెయింటుతో నంబర్లు వేసిన రాళ్లు. మొన్నటిదాకా సరుగుడు తోటో జీడి తోటో ఉన్న నేల. మొదళ్లు పూర్తిగా పీకలేదేమో, అక్కడక్కడ కాలికి తగులుతుంటాయి. ఆదివారం పూట టెంటు కింద కుర్చీలు చాలవు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వచ్చిన అల్లుళ్లు, వాళ్ల వెంట మామగార్లు, డల్లాస్‌లో ఉన్న కొడుక్కి వీడియో కాల్‌లో ప్లాటు మూలలు చూపించే తండ్రులు. "నాన్నా, ఈస్ట్ ఫేసింగేనా?" అని అటు నుంచి ప్రశ్న. ఎగ్జిక్యూటివ్ ఫోనులోకి తొంగిచూసి, "ఈస్టే సార్. ఎయిర్‌పోర్టు ఓపెనయ్యాక మాత్రం గజం ఈ రేటుకు దొరకదు సార్" అంటాడు.

ఆ ఆఖరి మాటను కాస్త పట్టి చూద్దాం. ఇరవై ఏళ్ల కిందట హైదరాబాద్ పక్కన శంషాబాద్ చుట్టూ అచ్చంగా ఈ మాటే వినిపించింది కాబట్టి, అది ఎంతవరకు నిజమైందో ఇప్పుడు చెప్పొచ్చు.

శంషాబాద్ విమానాశ్రయానికి సేకరించిన భూమి దాదాపు 5,500 ఎకరాలు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు అక్కడికి మారాయి. అదే ఏడాది నవంబరులో ఔటర్ రింగు రోడ్డు తొలి ముక్క, గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా, తెరిచారు. మరుసటి ఏడాది మెహదీపట్నం వైపు నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది. నగరం ఇక దక్షిణానికి పరుగెడుతుందని అందరూ అనుకున్నారు. శంషాబాద్, మహేశ్వరం, కొత్తూరు, షాద్‌నగర్ వైపు పొలాలన్నీ రాళ్లు పాతుకుని కూర్చున్నాయి.

నగరం మాత్రం పడమటికే పోయింది. ఔటర్ ఎక్కి విమానాశ్రయానికి అరగంటలో చేరగలిగినవాడు దాని పక్కనే కాపురం పెట్టాల్సిన పనేముంది? ఆఫీసు పక్కన పెట్టాడు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కోకాపేట పెరిగాయి. దీనికి ప్రభుత్వ వేలంపాటల కన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు. 2023 ఆగస్టు మొదటి వారంలో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. వారం తర్వాత బుద్వేల్‌లో వేలం వేశారు. బుద్వేల్ కూడా ఔటర్ ఒడ్డునే ఉంది, పైగా విమానాశ్రయానికి కోకాపేట కన్నా చాలా దగ్గర. అక్కడ గరిష్ఠ ధర 41 కోట్ల 75 లక్షలు. విమానాశ్రయానికి దగ్గరయ్యే కొద్దీ ధర పెరగాలన్న సూత్రం నిజమైతే ఈ రెండు అంకెలూ తారుమారు కావాలి.

అంటే శంషాబాద్ విమానాశ్రయం వల్ల భూమి ధర పెరగలేదని కాదు. బాగా పెరిగింది, గచ్చిబౌలిలో. విదేశీ కంపెనీ మేనేజరు విమానం దిగి ఎర్రలైటు చూడకుండా ఆఫీసు చేరగలగడం ఆ ప్రాంతానికి వచ్చిన వరం. ధర పెంచేది జీతాలు. విమానాశ్రయం జీతాలున్న చోటుకు దారి దగ్గర చేస్తుంది. తన గోడ పక్కన అది సృష్టించేవి గోదాములు, హోటళ్లు, పార్కింగులు, క్యాబ్ డ్రైవర్ల విశ్రాంతి షెడ్లు.

ఆ గోడ పక్కన ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని ఏ బ్రోచరూ వేయదు. విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల దాకా భవనాల ఎత్తుకు లెక్కలుంటాయి. రంగులు వేసిన మ్యాపు ఒకటి ఉంటుంది. రన్‌వే వరసలో ఉన్న స్థలంలో ఎన్ని అంతస్తులు లేపాలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చెబుతుంది, బిల్డరు కాదు. అపార్టుమెంటు లేవని చోట ఎకరం ధరకు ఓ మెట్టు దగ్గర బ్రేకు పడుతుంది. శంషాబాద్ మండలంలో దీనికి తోడు 111 జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996లో 84 గ్రామాల మీద పెట్టిన ఆంక్ష అది. భూమిలో 90 శాతం సాగుకూ తోటలకూ వదలాలంది. 2022లో ఇంకో జీవోతో సడలించినా చిక్కుముడి పూర్తిగా వీడలేదు. ఆ గ్రామాల్లో 2006లో "త్రిబుల్ వన్ ఎత్తేస్తున్నారట" అన్న ఒక్క కబురు మీద కొన్నవాళ్ల పిల్లలు ఇప్పుడు పెళ్లీడుకొచ్చారు.

పైగా కాలం కూడా కలిసి రాలేదు. విమానాశ్రయం తెరిచిన ఆరు నెలలకే ప్రపంచ మాంద్యం. 2009 జనవరిలో సత్యం కుంభకోణం. ఆ ఏడాది చివర్లో తెలంగాణ ఉద్యమం ఉధృతం. "ఓపెనయ్యాక దొరకదు" అన్న ప్లాటు ఓపెనయ్యాక అదే ధరకు, ఒక్కోచోట అంతకన్నా తక్కువకు దొరికింది. ఈ సరుకు స్వభావమే అంత. ధర కబురుతో పెరుగుతుంది, శంకుస్థాపనతో ఇంకాస్త పెరుగుతుంది. రిబ్బను కత్తిరించే రోజుకు ఆ పెంపంతా అమ్మేవాడు ముందే వసూలు చేసుకుని ఉంటాడు. ఆ రోజు కొన్నవాడు కొనేది ఇంకో పదేళ్ల ఓపికను.

కబురు మీద కొనడంలో ఉన్న ప్రమాదానికి మెట్రో కన్నా మంచి పాఠం లేదు. రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్లు, 6,250 కోట్లు అంటూ 2022 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. ఏడాదికి ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఆ లైను పక్కన పెట్టి, నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా ఇంకో గీత గీయించారు. నిజానికి బస్సెక్కే జనం ఎక్కువున్నది ఈ రెండో దారిలోనే, నిర్ణయంలో తప్పేమీ కనిపించదు. కానీ రాత్రికి రాత్రి ఒక గీత మీది స్టేషన్లు చెరిగి ఇంకో గీత మీద మొలిచాయి. పాత గీత చూసి ఫ్లాటు బుక్ చేసినవాడికి "వాకింగ్ డిస్టెన్స్‌లో మెట్రో" అని రాసిచ్చిన కాగితం ఇప్పుడు ఏ కోర్టులో పనికొస్తుంది?

రైలు కన్నా నేల మీదే కన్ను ఎక్కువన్న అనుమానం మనకు కొత్తదీ కాదు. 2008లో హైదరాబాద్ మెట్రో టెండరులో, సత్యం యజమానుల కుటుంబానిదే అయిన మేటాస్ సంస్థ ప్రభుత్వం దగ్గర పైసా తీసుకోకపోగా, ఎదురు 30,311 కోట్లు తనే ఇస్తానంది. అంత గొప్ప బేరం కుదిరిందని అందరూ సంబరపడుతుంటే ఢిల్లీ మెట్రో శ్రీధరన్ ఒక్కరే ప్రణాళికా సంఘానికి ఉత్తరం రాశారు: లైనును తమ భూముల దాకా పొడిగించుకుని లాభపడాలన్న ఆలోచన ఇందులో ఉందని. రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీద మండిపడింది. నాలుగు నెలలు తిరగకుండా సత్యం కూలింది, 2009 జులైలో మేటాస్ ఒప్పందం రద్దయింది. ఆ ఉత్తరాన్ని మనవాళ్లు త్వరగానే మరిచారు.

ఇక భోగాపురం. విశాఖకు ఇప్పుడున్నది నావికాదళం ఆవరణలోని విమానాశ్రయం, వేళల మీద ఆంక్షలున్నది. కొత్తది కావాలనడంలో పేచీ లేదు. ఎంత భూమి కావాలన్నదే పేచీ. 2015లో తొలుత వినిపించింది 15 వేల ఎకరాల మాట. రైతులు రోడ్డెక్కి, కోర్టుకెక్కాక అది 5 వేల చిల్లరకు, చివరికి 2,700 దగ్గరకు దిగింది. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు ఒకసారి, 2023 మేలో జగన్ ఇంకోసారి శంకుస్థాపన చేశారు. మధ్యలో 2020 ఒప్పందంలో జీఎంఆర్‌కు 2,203 ఎకరాలిచ్చి 500 ఎకరాలు ప్రభుత్వమే ఉంచుకుంది. ఇన్ని మార్పుల్లోనూ ఎవరూ రన్‌వే పొడవు గురించి కొట్లాడుకోలేదని గమనించాలి. 15 వేలు 2,700 కావడంలో విమానాలకు తగ్గిందేమీ లేదు; తగ్గిన 12 వేల చిల్లర ఎకరాలు మొదట్నుంచీ దేనికోసం అడిగారో ఆలోచించుకోవచ్చు.

పరిహారం దగ్గర అసలు మెలిక ఉంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువ తేల్చడానికి ప్రధానంగా రెండు కొలతలు: స్టాంపుల శాఖ పుస్తకంలో ఉన్న విలువ ఒకటి, అంతకుముందు మూడేళ్లలో దగ్గరలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం తీసుకుని వాటి సగటు ఇంకొకటి. ఏది ఎక్కువైతే అది. వినడానికి రైతు పక్షమే. కానీ మన దగ్గర రిజిస్ట్రేషన్ ఎలా జరుగుతుందో తెలియనివాళ్లెవరు? విమానాశ్రయం వస్తోందని కబురు రాగానే బయటి ధర రెండింతలు, మూడింతలవుతుంది. కొన్నవాడు స్టాంపు డ్యూటీ మిగుల్చుకోవడానికి ప్రభుత్వ విలువకే రిజిస్టరు చేయించుకుంటాడు. మిగతాది చేతికి నోట్లు. అమ్మినవాడికీ అదే సుఖం. ఆ దస్తావేజులే రేపు సాక్ష్యమవుతాయి. రెండేళ్ల తర్వాత నోటిఫికేషన్ వచ్చాక, భూమి అమ్ముకోని పక్క పొలం రైతుకు అధికారులు చూపించేది ఆ తక్కువ అంకెనే. బేరగాడు నోట్లలో ఇచ్చిన ధర ఏ రికార్డులోనూ లేదు. చట్టం నూటికి నూరు శాతం సొలేషియం కలపమన్నా, తక్కువ అంకెను రెండింతలు చేస్తే వచ్చేది బయటి ధరకు దరిదాపుల్లోకి కూడా రాకపోవచ్చు. పొలాన్ని నమ్ముకున్నవాడికి నష్టం, ముందే అమ్ముకున్నవాడికి లాభం కలిగించే లెక్క ఇది. ఇందులో దొంగసంతకం ఒక్కటీ లేదు.

ప్రభుత్వం పేదలకు పంచిన డి-పట్టా భూములది ఇంకో కథ. 1977 చట్టం వాటి అమ్మకాన్నే నిషేధించింది. అందుకని తెల్ల కాగితం మీద అగ్రిమెంటు, కాస్త బయానా, తర్వాత చూద్దామన్న మాట. చట్టం మారుతుందన్న ముందస్తు కబురు ఎవరికుంటే ఆ కాగితం వాళ్లకు బంగారం.

భోగాపురం చుట్టూ ధరలు ఎటు పోతాయని నన్నడిగితే, శంషాబాద్ అనుభవాన్నే చూపిస్తాను. జీతాలున్నది మధురవాడ, రుషికొండ వైపు. గూగుల్ డేటా సెంటరుకు చెప్పిన తర్లువాడ ఆనందపురం మండలంలో ఉంది. (డేటా సెంటరు కరెంటు తిన్నంతగా మనుషుల్ని పిలవదు, అది వేరే సంగతి.) విమానాశ్రయం విలువ ఎక్కువగా పోగయ్యేది మధురవాడకూ ఆనందపురానికీ మధ్యే అని నా అంచనా. విమానాశ్రయం దాటి ఉత్తరానికి, చెరువు గర్భాల్లోకి, డొంక దారుల్లోకి పోయే వెంచర్లలో గజం కొనేవాళ్లు తమ పిల్లల కాలానికి కొంటున్నామని తెలిసి కొనడం మంచిది. కొనేముందు రెరా నంబరు, 22-ఎ నిషేధిత జాబితా, ఎత్తుల మ్యాపు, ఈ మూడూ చూడాలి. ప్రీ-లాంచ్ అన్న మాట వినపడితే కుర్చీలోంచి లేచిపోవచ్చు.

ప్రభుత్వం ఈ ఊపును అదుపు చేస్తుందన్న ఆశ నాకు లేదు. కోకాపేటలో ఎకరం వంద కోట్లు పలికితే ఆ డబ్బు వెళ్లింది ఖజానాకే. ధర పెరగాలని కోరుకునేవాళ్లలో ప్రభుత్వాలు ముందు వరసలో కూర్చున్నాయి. కానీ ఒక్క పని మాత్రం వాటిని గట్టిగా అడగొచ్చు. విశాఖ నుంచి భోగాపురానికి సముద్రం వెంట బీచ్ కారిడార్ రాబోతోంది. తెలంగాణలో రీజినల్ రింగ్ రోడ్డు అలైన్‌మెంటు మార్చారంటూ రైతులు ధర్నాలు చేశారు. పాత ఔటర్ వంకర్ల మీదా అలాంటి ఆరోపణలే వచ్చాయి. ఏ దారికైనా నోటిఫికేషన్ ఇచ్చే రోజున, అంతకుముందు మూడేళ్లలో ఆ సర్వే నంబర్లలో జరిగిన ప్రతి రిజిస్ట్రేషన్‌నూ, అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు, రాసిన ధరతో సహా, గ్రామసభలో చదివి వినిపించాలి. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) అన్నది రుసుము కట్టి ఎవరైనా తెచ్చుకోగల కాగితమే కాబట్టి ఇందులో రహస్యమేమీ లేదు. కొత్త చట్టం కూడా అక్కర్లేదు. తహసీల్దారు, మైకు, ఒక మధ్యాహ్నం ఉంటే సరిపోతుంది.