దూరపు కులం నునుపు

డిసెంబరు ఆఖరి వారం వచ్చిందంటే సినిమా ప్రియులకు జాబితాల పండుగ. ఏడాదంతా చూసినవాటిలో మనసుకు నచ్చినవి పది ఏరి, వరుస కట్టి, నలుగురికీ చూపించుకోవడం ఒకప్పుడు పత్రికా సమీక్షకుల పని. ఇప్పుడు చౌటుప్పల్‌లో జాతీయ రహదారి పక్కన చాయ్ తాగే డిగ్రీ విద్యార్థి కూడా ఆ పని చేస్తున్నాడు. అభిరుచి కొందరి సొత్తుగా మిగలకపోవడం సంతోషించదగ్గదే. 2025కు నేనూ ఒక జాబితా రాసుకున్నాను. తీరా తిరిగి చదివితే ఒక సంగతి ఇబ్బంది పెట్టింది. కులం గురించి ఇన్నేళ్లుగా నన్ను కదిలించిన సినిమాల్లో అధికభాగం మా జిల్లావి కావు, మా భాషవీ కావు. కులం మాకు తెలియనిదైతే ఆ లోటును అర్థం చేసుకోవచ్చు. తెలిసినదే, అదీ బాగా తెలిసినదే కనుక ప్రశ్నించుకోక తప్పదు.

2025 తెలంగాణలో కులాన్ని బాహాటంగా పేరు పెట్టి పిలిచిన సంవత్సరం. ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఇంటింటి సర్వే లెక్కలు ప్రకటించింది: ముస్లిం బీసీలతో కలిపి వెనుకబడిన తరగతులు 56.33 శాతం, షెడ్యూల్డ్ కులాలు 17.43 శాతం, షెడ్యూల్డ్ తెగలు 10.45 శాతం. మార్చి 10న నల్లగొండలోని ఎస్సీ, ఎస్టీ కేసుల ప్రత్యేక న్యాయస్థానం మిర్యాలగూడ ప్రణయ్ హత్య కేసులో ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, ఎస్సీ వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. లెక్కల్లో, తీర్పులో, చట్టంలో ఇంత స్పష్టంగా పలికిన మాట అదే ఏడాది వెండితెర మీద ఎలా పలికింది?

నల్లగొండ తీర్పు వెలువడిన నాలుగు రోజులకే, మార్చి 14న, ‘కోర్ట్’ విడుదలైంది. రామ్ జగదీష్ దర్శకత్వం వహించిన ఈ చిన్న సినిమా పెద్ద విజయం సాధించింది. వాచ్‌మన్ కొడుకు, ఉన్నవాళ్ల అమ్మాయి ప్రేమించుకుంటారు. అమ్మాయి మామ పోక్సో చట్టాన్ని అడ్డం పెట్టుకుని ఆ కుర్రవాణ్ని జైలుకు పంపిస్తాడు. ప్రియదర్శి వాదన, మంగపతిగా శివాజీ నటన ప్రేక్షకులను కట్టిపడేశాయి, నన్నూ కట్టిపడేశాయి. నా జాబితాలో దీనికి చోటుంది. అయితే ఆ మామ నోట వినిపించేది పరువు, అంతస్తు. కథ ఈ రెండింటి మీదే నడుస్తుంది. పరువు అన్న మాటకు మన ఊళ్లలో అసలు అర్థమేమిటో ప్రేక్షకుడికి తెలుసు. ఆ అర్థాన్ని పలికే బాధ్యతను సినిమా అతనికే వదిలేసింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. చట్టం బలవంతుడి చేతిలో ఆయుధమవుతుందన్నది ఈ సినిమా చెప్పే సత్యం. ఆ సత్యాన్ని సగానికి కోసి వాడుకునేవారు మన సమాజంలో తక్కువేమీ కాదు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు అట్రాసిటీ నిరోధక చట్టాన్ని బలహీనపరచే తీర్పు ఇచ్చింది ‘దుర్వినియోగం’ అన్న వాదన మీదనే. ఏప్రిల్ 2 నాటి భారత్ బంద్, ఆ తర్వాత పార్లమెంటు చేసిన సవరణ లేకుంటే ఆ చట్టం ఏమయ్యేదో ఊహించవచ్చు. అదే ఏడాది సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్ హత్య జరిగింది. ఆరున్నరేళ్ల తర్వాత నల్లగొండలో శిక్షలు పడ్డాయి. ఒకే వారంలో రెండు న్యాయస్థానాలు మన ముందుకొచ్చాయి: ఒకదానిలో చట్టం బాధితుడి పక్షాన ఆలస్యంగానైనా నిలబడింది, రెండోదానిలో చట్టం అమాయకుణ్ని పట్టి బంధించింది. రెండోదానికి టికెట్లు తెగాయి. మొదటిదాని గురించి సినిమా ప్రియుల జాబితాలు మాట్లాడవు. మాట్లాడటానికి అలాంటి తెలుగు సినిమా లేదు.

లేదు అనడం పూర్తిగా నిజం కాదేమో. ప్రణయ్ హత్య ఆధారంగా ఒక సినిమా వచ్చింది. 2020లో రామ్‌గోపాల్ వర్మ సమర్పణలో ‘మర్డర్’ పేరిట, ‘కుటుంబ కథా చిత్రం’ అన్న ఉపశీర్షికతో తయారైంది. దాని తొలి పోస్టర్‌ను తండ్రుల దినోత్సవం నాడు విడుదల చేశారు. చంపబడ్డ యువకుడి కథ, నిందితుడైన తండ్రి ప్రేమ కథగా బజారుకెక్కింది.

ఇక్కడే ఒక తారీఖు గుర్తు చేసుకోవాలి. మిర్యాలగూడ హత్య జరిగిన సరిగ్గా రెండు వారాలకు, 2018 సెప్టెంబరు 28న, తమిళంలో మారి సెల్వరాజ్ తొలి చిత్రం ‘పరియేరుం పెరుమాళ్’ విడుదలైంది. లా కాలేజీలో చేరిన దళిత యువకుడు, అతన్ని అభిమానించిన అగ్రకుల అమ్మాయి, పరువు పేరిట వెంటాడే మృత్యువు. తిరునల్వేలి కథే అయినా నల్లగొండ వాళ్లకు విడమరచి చెప్పనక్కరలేనిది. ఏడేళ్ల తర్వాత, నల్లగొండ తీర్పు వచ్చిన ఏడాదిలోనే, ఆ సినిమా షాజియా ఇక్బాల్ దర్శకత్వంలో ‘ధడక్ 2’గా హిందీలోకి వెళ్లింది. ఘటన మన నేల మీద జరుగుతుంది, సినిమా మరొకరి నేల మీద పుడుతుంది. మనం దాన్ని ఓటీటీలో చూసి, కళ్లు తుడుచుకుని, జాబితాలో మొదటి స్థానం ఇస్తాం.

2021లో ఏం జరిగిందో గుర్తుందా? ఆ ఏడాది తెలుగు సినిమా ప్రియుల జాబితాలన్నిటా ‘జై భీమ్’, ‘కర్ణన్’ వెలిగాయి. ‘జై భీమ్’ నవంబరులో విడుదలైంది. పోలీసుల చేతిలో భర్తను పోగొట్టుకున్న ఇరులర్ స్త్రీ కోసం మనమంతా కన్నీరు పెట్టాం. అదే ఏడాది జూన్‌లో, చౌటుప్పల్ ఉన్న ఈ యాదాద్రి భువనగిరి జిల్లాలోనే, అడ్డగూడూరు పోలీసుల అదుపులో ఒక దళిత మహిళ ప్రాణాలు కోల్పోయింది. ఆ సినిమా గురించి రాసుకున్నన్ని మాటలు ఆమె గురించి మనం రాసుకున్నామా? దూరపు కొండలు నునుపు అంటారు. దూరపు కులమూ అంతే. తమిళ సినిమాలో కొట్టేవాడి కులం పేరు మనకు తెలియదు. తెలిసినా అది మన ఇంటిపేరుకు తగలదు. కనుక ఏ బెరుకూ లేకుండా బాధితుడి పక్షాన కూర్చుంటాం. అదే కథ మిర్యాలగూడలో జరిగితే, మన కుర్చీ ఏ వరుసలో ఉందో చూసుకోవలసి వస్తుంది.

ఈ కారణంగానే 2025 జాబితాలో నా మొదటి స్థానం రాజ్ రాచకొండ తీసిన ‘23’కు. మే నెలలో వచ్చిన ఈ చిత్రం తెలుగు నేల మీది మూడు ఘటనలను ఒక్కచోటికి తెచ్చింది. ఒకటి, 1991 ఆగస్టులో ఎనిమిది మంది దళితులను నరికి చంపిన చుండూరు. రెండు, 1993లో ఇద్దరు దళిత యువకులు దోపిడీకి దిగి బస్సుకు నిప్పంటించగా 23 మంది మరణించిన చిలకలూరిపేట. మూడు, 1997లో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో జరిగిన కారుబాంబు పేలుడు. చిలకలూరిపేట దోషులకు ఉరిశిక్ష పడింది. పౌరహక్కుల ఉద్యమం, రాష్ట్రపతి క్షమాభిక్ష వల్ల అది యావజ్జీవంగా మారింది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవం విధించగా, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. నేరం ఎంత ఘోరమైనదన్న ప్రశ్న పక్కన, నేరస్థుడు ఎవరన్న ప్రశ్ననూ నిలబెట్టడం ఈ సినిమా సాహసం. బస్సులో కాలిపోయిన వారి వేదనను అది తక్కువ చేయదు. శిక్ష తూకంలో కులం ఎంత బరువు తూగుతుందో మాత్రం దాచదు. మూడు కథల బరువు మోయలేక అక్కడక్కడా కుంగిన మాట నిజమే. అయినా తన నేలను, తన కాలాన్ని, తన కులాల్ని పేరు పెట్టి పిలిచిన తెలుగు సినిమా ఇది. ఈ దర్శకుడి తొలి తెలుగు చిత్రం ‘మల్లేశం’ కూడా మా ప్రాంతపు చేనేత బతుకులోంచి, ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం జీవితం నుంచి పుట్టినదే.

రెండో స్థానం నీరజ్ ఘైవాన్ ‘హోమ్‌బౌండ్’ది. పోలీసు ఉద్యోగం కోసం ఎదురుచూసే ఇద్దరు మిత్రులు, ఒకరు దళితుడు, మరొకరు ముస్లిం. కులం అడిగినప్పుడల్లా చందన్ ముఖంలో కదిలే జంకు, ఉద్యోగ దరఖాస్తు నింపేటప్పుడు రిజర్వేషన్ గడి ముందు అతని తడబాటు మన విశ్వవిద్యాలయాల్లో చదివిన ప్రతి దళిత విద్యార్థికీ పరిచితాలు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఘైవాన్ తాను దళితుణ్నని బహిరంగంగా చెప్పుకున్న అతికొద్దిమంది హిందీ దర్శకుల్లో ఒకడు. ఈ చిత్రం కాన్ ఉత్సవానికి వెళ్లింది, మన దేశం తరఫున ఆస్కార్‌కు ఎంపికైంది. థియేటర్లలోకి సెప్టెంబరు 26న వచ్చింది. అంతకు ఒకరోజు ముందు ‘ఓజీ’ విడుదలైంది. మా దారి వెంట తెరలన్నీ ఎవరి వశమయ్యాయో వేరే చెప్పాలా? నాకు ‘హోమ్‌బౌండ్’ దక్కింది నవంబరులో, నెట్‌ఫ్లిక్స్‌లో. సినిమా ప్రియుడి అభిరుచి అతని సొంతమే కావచ్చు గానీ, అతని కళ్ల ముందుకు ఏ సినిమా రావాలో నిర్ణయించే థియేటర్లు, పంపిణీ, పెట్టుబడి కొన్ని కులాల చేతుల్లోనే పోగుపడి ఉన్నాయి. జాబితా మొదలు కాకముందే సగం జాబితా తయారై ఉంటుంది.

మారి సెల్వరాజ్ ‘బైసన్’ నా మూడో సినిమా. కబడ్డీ కూతకు వెళ్లే కుర్రవాడు గీత దాటి వెనక్కి రావడం ఎంత కష్టమో, ఊళ్లో కులం గీత దాటి బతికి బయటపడటం అంతకన్నా ఎంత కష్టమో ఒకే కదలికలో చూపించాడు. ‘ఫూలే’ మాత్రం సినిమాగా నన్ను అంతగా ఆకట్టుకోలేదు. కానీ దాని విడుదల కథ మరువరానిది. మహాత్మా ఫూలే జయంతి నాడు రావలసిన చిత్రం అభ్యంతరాల వల్ల రెండు వారాలు వాయిదా పడింది. మహార్, మాంగ్ వంటి కులాల పేర్లను తీసేయమని సెన్సారు బోర్డు చెప్పింది. ఇంటింటికీ వచ్చి నీ కులమేమిటని రాసుకునే రాజ్యమే, తెర మీద ఆ పేరు పలకవద్దంటుంది.

ఏడాది చివరన, క్రిస్మస్ నాడు, మురళీకాంత్ ‘దండోరా’ వచ్చింది. ఈ మాట వినగానే తెలుగువాడికి డప్పు గుర్తుకొస్తుంది, మూడు దశాబ్దాల వర్గీకరణ పోరాటం గుర్తుకొస్తుంది. వర్గీకరణ చట్టమైన ఏడాదే ఈ పేరుతో సినిమా రావడం యాదృచ్ఛికమైనా అర్థవంతం. తెలంగాణ పల్లెలో చచ్చినవాడికి కూడా కులం చూసి చోటిచ్చే శ్మశానాన్ని అది కథగా తీసుకుంది. కథకు కేంద్రం అగ్రకుల కుటుంబం కావడం దాని పరిమితి. వాడ ఇంకా తెర అంచునే ఉంది. అయినా తెలంగాణ యాసను హాస్యానికే పరిమితం చేసే అలవాటున్న పరిశ్రమలో, ఆ యాసలో శ్మశానం గోడ గురించి మాట్లాడటం చిన్న విషయం కాదు.

ప్రభుత్వమూ ఒక జాబితా వేసింది. 2014 నుంచి 2024 వరకు వచ్చిన సినిమాలకు గద్దర్ పేరిట అవార్డులు ప్రకటించి, జూన్‌లో అందజేసింది. ‘మా భూమి’లో గొంగడి కప్పుకుని పాడిన గద్దర్ పేరు పురస్కారానికి పెట్టడం మంచి పని. కానీ వరుస చూడండి. 2020లో ఉత్తమ చిత్రం ‘అల వైకుంఠపురములో’. రంగు, కులం కలిసి ఒక ప్రేమను ఎలా చంపాయో చెప్పిన ‘కలర్ ఫోటో’కు ద్వితీయ స్థానం. జాతీయ పురస్కారాల సంఘం మాత్రం ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా ‘కలర్ ఫోటో’నే ఎంచింది. 2019లో ‘మహర్షి’ మొదట, ‘మల్లేశం’ మూడోది. 2024లో ‘కల్కి’ మొదట, దొరతనం కింద చదువు కోసం పెనుగులాడిన తండ్రి కథ ‘పొట్టేల్’ రెండోది. గుర్తించలేదని ఎవరూ అనలేరు. ఎక్కడ గుర్తించారన్నదే ప్రశ్న. ఊళ్లో మన ఇళ్లు ఎక్కడుంటాయో, జాబితాలోనూ మన కథలు అక్కడే ఉన్నాయి.

సినిమాను సినిమాగా చూడాలి గానీ కులం కళ్లద్దాలతో చూస్తారేమిటని కొందరు మిత్రులు అడుగుతారు. ‘లిటిల్ హార్ట్స్’ చూసి కడుపుబ్బ నవ్వుకున్నవాణ్నే నేను. అదీ నా జాబితాలో ఉంది. కులం మీద తీసినంత మాత్రాన పేలవమైన సినిమాను నెత్తిన పెట్టుకోమని నేననను. అలా చేస్తే మారి సెల్వరాజ్ వంటి వారి శిల్పాన్నే అవమానించినట్టు. నేనడిగేది ఒక్కటే: మనకు నచ్చడం అనే దానిలో మనకు నొప్పి కలగకపోవడం ఎంత పాలు ఉందో ఒకసారి తేల్చుకుందామని. చూసి బయటికొచ్చాక మన వీధి మనకు ముందులాగే కనిపిస్తే, ఆ సినిమా మంచిదే కావచ్చు. మన గురించి మాత్రం కాదు.

హైదరాబాద్ నుంచి విజయవాడ రహదారి మీద వస్తుంటే మొదట రామోజీ ఫిల్మ్ సిటీ తగులుతుంది. ఆ తర్వాత చౌటుప్పల్. ఇంకొంత ముందుకు వెళితే నార్కట్‌పల్లి దగ్గర దారి చీలి నల్లగొండ మీదుగా మిర్యాలగూడ పోతుంది. ప్రపంచంలోని పెద్ద స్టూడియోల్లో ఒకటి, దేశాన్ని కలవరపెట్టిన ఒక కులహత్య జరిగిన ఊరు రెండూ ఈ దారిలోనివే. మధ్యలో ఉన్న మాబోటి ఊళ్లలో డిగ్రీ చదువుతూ ఫోన్లో షార్ట్ ఫిల్ములు తీసుకుంటున్న దళిత, బహుజన పిల్లలు చాలామంది ఉన్నారు. ఆ పిల్లల చేతికి కెమెరా, పెట్టుబడి, ఒక శుక్రవారం నాలుగు ఆటలు అందిననాడు మిర్యాలగూడ కథను చనిపోయినవాడి వైపు నుంచి చెప్పే సినిమా వస్తుంది. అప్పటివరకు నా జాబితాలో ఒక స్థానం ఖాళీగానే ఉంచుతాను.