'ఐ డోంట్ కేర్'... చూసి మరీ అనండి!

'డోంట్ కేర్' అన్నది ఏనాడో తెలుగు మాటైపోయింది. 'ఆ పిల్ల ఒట్టి డోంట్‌కేర్ మనిషండీ' అంటే ఇంగ్లీషు ముక్క రాని బామ్మగారికి కూడా ఇట్టే అర్థమవుతుంది. పెద్దల్ని లెక్కచేయదనీ, ఎవరేమనుకున్నా పట్టించుకోదనీ. మగపిల్లాణ్ణి అదే మాటంటే అందులో కాస్త మురిపెం కూడా ధ్వనిస్తుంది, అది వేరే సంగతి! మన మధ్య మనం ఎలా అనుకున్నా ఫర్వాలేదు. ఈ తెలుగు 'డోంట్ కేర్'ని తీసుకెళ్లి ఇంగ్లీషువాళ్ల ముందు పెట్టినప్పుడే వస్తుంది చిక్కంతా.

కొన్నేళ్లుగా మా ఇంట్లో సాయంత్రాలు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతున్నాను. డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిలూ వస్తారు, అమెరికాలో కొడుకుల దగ్గరికి వెళ్లబోయే అత్తగార్లూ వస్తారు. ఓ అమ్మాయి ఉద్యోగానికి ఇంటర్వ్యూకెళ్లింది. 'నైట్ షిఫ్టులుంటాయి, మీకేమైనా ఇబ్బందా?' అని అడిగారట. 'ఐ డోంట్ కేర్ సార్' అంది. పాపం, తన మనసులో ఉన్నది 'అదేం పర్లేదండీ, చేస్తాను' అని. అవతలివాళ్లకి వినబడింది 'మీ షిఫ్టులేమైతే నాకేంటి' అని. ఉద్యోగం రాలేదు. ఆ ఒక్క మాటకే పోయిందని నేననను గానీ, ఆ మాట విన్నాక వాళ్ల మొహాలు మారిపోయాయని తనే చెప్పింది.

అక్కడ అనాల్సింది 'ఐ డోంట్ మైండ్'. మనం రెండు చోట్లా 'ఏం పట్టించుకోను' అనేస్తాం కనుక తేడా తెలీదు. 'మైండ్' చేయనంటే నాకు అభ్యంతరం లేదని. 'కేర్' చేయనంటే అది ఏమైపోయినా నాకనవసరమని. ఎవరింటికైనా వెళ్లినప్పుడు కాఫీయా, టీయా అని ఆ ఇల్లాలు ఆప్యాయంగా అడిగితే 'ఐ డోంట్ కేర్' అన్నారనుకోండి, 'ఏదో ఒకటి తగలెయ్' అన్నంత పెడసరంగా ఉంటుంది. 'ఐదర్ ఈజ్ ఫైన్' అనండి, ఏదైనా సరేనని. అసలు కాఫీ తాగాలనే ఉంటే 'కాఫీ, ప్లీజ్' అంటే ఇంకా హాయి!

ఈ 'మైండ్'తో ఇంకో తిరకాసుంది. రైల్లో పక్క సీటు చూపించి 'డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?' అని అడిగితే మనవాళ్లు నవ్వుతూ 'యెస్, యెస్' అంటారు. ఆ ప్రశ్నకి అర్థం 'నేను కూర్చుంటే మీకు అభ్యంతరమా?' అని కదా! అవునవునంటూ నవ్వుతుంటే ఆ మనిషి కూర్చోవాలా, వెళ్లిపోవాలా? 'నాట్ ఎట్ ఆల్' అనాలి. 'నెవర్ మైండ్' వేరే సరుకు. అది మన 'పోనీలెండి'.

ఇక నిజంగానే పట్టనప్పుడు అనే మాట 'ఐ కుడెంట్ కేర్ లెస్'. ఇంతకంటే తక్కువ పట్టించుకోవడం నావల్ల కాదని. బియ్యం డబ్బా అడుగంటింది, తీద్దామన్నా గింజ లేదు, అలాగన్నమాట. బ్రిటిష్‌వాళ్ల నోట పుట్టిన ఈ మాటని అమెరికావాళ్లు 1960లకల్లా 'ఐ కుడ్ కేర్ లెస్' చేసేశారు. అక్షరాలా చూస్తే అర్థం తిరగబడింది. డబ్బాలో ఇంకా బియ్యం ఉన్నాయని! అయినా వాళ్లు అనేది మాత్రం గింజ లేదనే. ఇది తప్పు కాదు, వెటకారం అంటాడు స్టీవెన్ పింకర్ అనే భాషాశాస్త్రవేత్త, 1994లో వచ్చిన 'ది లాంగ్వేజ్ ఇన్‌స్టింక్ట్' పుస్తకంలో. కావచ్చు. ఆ వెటకారం పలికే యాస పుట్టినప్పట్నుంచీ అక్కడున్నవాళ్లకి వస్తుంది. మనం 'కుడెంట్' అందాం. ఎవరైనా 'కుడ్' అంటే అర్థం చేసుకుని ఊరుకుందాం.

'వాటెవర్' సంగతి కూడా చెప్పాలి. 'వాటెవర్ యూ లైక్' మర్యాదే. తోక తెంపేసి ఒంటిగా 'వాటెవర్' అని పెదవి విరిస్తే మాత్రం 'ఏదో ఏడు' అన్నట్టే. 2009లో అమెరికాలో మారిస్ట్ కాలేజీ వాళ్లు సంభాషణల్లో అన్నిటికంటే చిరాకు పుట్టించే మాటేదని జనాన్నడిగితే 47 శాతం మంది దీన్నే చెప్పారు. మన పిల్లలు టీవీలో చూసి పట్టుకొచ్చేదీ సరిగ్గా దీన్నే!

ఈ మాటలన్నిటికీ ఎక్కడ అంటున్నామనేది ముఖ్యం. 2018 జూన్‌లో అమెరికా అధ్యక్షుడి భార్య మెలానియా ట్రంప్ వలస వచ్చిన పిల్లల్ని ఉంచిన కేంద్రం చూడ్డానికి టెక్సాస్ బయల్దేరుతూ ఓ జాకెట్ వేసుకున్నారు (మన రవిక కాదు, పైన తొడుక్కునే కోటు). వీపు మీద పెద్ద పెద్ద అక్షరాలు: 'ఐ రియల్లీ డోంట్ కేర్, డూ యూ?' అది ఉత్త జాకెట్టేననీ, అందులో దాగిన సందేశమేదీ లేదనీ ఆమె ప్రతినిధి అన్నారు. కొన్ని నెలలకి ఆవిడే ఓ ఇంటర్వ్యూలో, అది తనను విమర్శించేవాళ్ల కోసం, మీడియా కోసం వేసుకున్నానని ఒప్పుకున్నారు. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఇంగ్లీషులో 'కేర్' అంటే పట్టింపే కాదు, సాకడం, చూసుకోవడం కూడాను. అమ్మానాన్నలు దగ్గర లేని పిల్లల దగ్గరికి ఆ మాట వీపున వేసుకుని బయల్దేరడం నాకు మాత్రం నచ్చలేదు.

అసలీ గొడవంతా మన 'మీ ఇష్టం'లో ఉందని నాకనిపిస్తుంది. ఏ చీర? మీ ఇష్టం. ఏ ఊరు? మీ ఇష్టం. చివరికి ఏ సంబంధం అన్నా 'మీ ఇష్టం నాన్నా' అంటే, అమ్మాయి ఒప్పుకుందని తాంబూలాలకు సిద్ధమైపోయేవారు! ఇలా పెరిగినవాళ్లం ఇంగ్లీషులోనూ దానికి సాటి మాట వెతుకుతాం, దొరక్క 'డోంట్ కేర్' దగ్గర ఆగుతాం. నా దగ్గర నేర్చుకోడానికి రాకముందే ఒకావిడ ఆరు నెలలు కొడుకు దగ్గరుండి వచ్చింది. ఆదివారం పార్కుకెళ్దామా, గుడికెళ్దామా అని మనవరాలు అడిగినప్పుడల్లా 'ఐ డోంట్ కేర్' అనేదట. నానమ్మకి మాతో రావడం ఇష్టం లేదని ఆ పిల్ల అడగడమే మానేసిందట. ఆవిడకి మనవరాలితో వెళ్లడమే పండగ! తిరిగొచ్చాక కొడుకు ఫోన్లో చెబితే గానీ తెలియలేదు. ఇప్పుడు ఫోన్లో పిల్లతో 'ఐ వుడ్ లవ్ టు' అనడం అభ్యాసం చేస్తోంది.

'మీ ఇష్టం'కి దగ్గరగా ఇంగ్లీషులో 'ఇట్స్ అప్ టు యూ' ఉంది. 'యాజ్ యువర్ విష్' మాత్రం అనకండి, అది ఇంగ్లీషే కాదు. అయితే మా అమ్మ అనే 'మీ ఇష్టం' ఒకటుండేది. నాన్న చెప్పిందంతా విని, గిన్నె కాస్త చప్పుడయ్యేలా గట్టు మీద పెట్టి, ఇటు తిరక్కుండానే అనేది. నాన్న వెంటనే ప్రయాణం మానుకునేవారు. దానికి సరైన ఇంగ్లీషు మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, మా క్లాసులో నేర్పుతాను.