ప్రాదేశికసేన - పరదేశసేవ

ఆపన్నుడైన పొరుగువానికి చేయూత నిచ్చుట మనకు క్రొత్త ధర్మము కాదు. 2015 లో నేపాళమున భూకంపము సంభవించినపుడు మన సైన్యపు టింజనీర్లు పోయిరి. 2023 లో తుర్కీకి ఆగ్రానుండి 99 మందితో సైనికవైద్యశాల తరలెను. ఈ భారము ముఖ్యముగ నిత్యసేనయే మోయుచున్నది. తమ వృత్తులు తాము చేసికొనుచు, పిలుపు వచ్చినపుడు కొలువునకు వచ్చు టెరిటోరియల్ ఆర్మీ, అనగా ప్రాదేశికసేననుండి, ఇట్టి సేవకై యొక దళము నేల కూర్పరాదు?

దానికి హైదరాబాదు తగిన తావు. సైనికయంత్రవిద్యాలయము సికిందరాబాదున నున్నది. మహమ్మారి చెలరేగిన 2021 మే 1వ తేదీని రష్యాటీకా శంషాబాదు విమానాశ్రయముననే దిగెను. మందు వచ్చిన త్రోవనే సేవయు పోవచ్చును.

కేంద్రప్రభుత్వపు టుత్తరువు లేనిదే ఈ సైనికులను దేశపు టెల్లలు దాటింపరాదని 1948 నాటి చట్టము. పరప్రభుత్వము తన యుద్ధములకై మన బిడ్డలను సముద్రములు దాటించుటను చూచిన జాతికి ఈ కట్టుబాటు విలువ తెలియును. ఐనను ఉత్తరువొకటే చాలదు. పోవువాడు తానై ముందునకు రావలెను. బాధితదేశము కోరవలెను; 2015 లో పదిదినములు గడవకమునుపే నేపాళము విదేశ రక్షకదళములను మరలిపొమ్మనుట మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వాని యింటి సంగతి. ఉద్యోగికి పూర్వపు కొలువు తిరిగి యిప్పించుటకు చట్టమున్నది. ఏరువాకవేళ పొలము విడిచిపోయిన కాపునకు ఏమున్నది? తప్పిన పంటకు పరిహారము నియమింపవలెనని మేము కోరుచున్నాము. ఆ యేర్పాటు జరిగిన పిమ్మటనే శంషాబాదునుండి తొలివిమానము లేవవలెను.